గీత పడకపోతే బోదకాలు పోయినట్టేనా?

బోదకాలు వ్యాధిని 2027 నాటికి దేశం నుంచి పూర్తిగా తొలగిస్తామని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న గడువు 2030. దానికంటే మూడేళ్లు ముందే పూర్తిచేస్తామన్నమాట. గతంలో 2015 అన్నారు, తర్వాత 2017 అన్నారు, ఆ తర్వాత 2021 అన్నారు. గడువులు ఎన్నిసార్లు జరిగినా, ఒక జిల్లాలో ఊరంతటికీ ఇచ్చే బోదకాలు మాత్రల పంపిణీ ఆపవచ్చో లేదో చివరికి తేల్చేది బడిపిల్లల వేలి నుంచి తీసిన కాస్త రక్తమే. ఆరేడేళ్ల పిల్లలు సుమారు 1,700 మందిని పరీక్షిస్తారు. పాజిటివ్‌లు 20 దాటకపోతే ఆ ప్రాంతం గట్టెక్కినట్టు. దాటితే మరో రెండేళ్లు ఊరంతా మళ్లీ మాత్రలు మింగాలి.

ఈ పరీక్షకు వాడే కిట్ గత పాతికేళ్లలో మారుతూ వచ్చింది. మొదట కార్డు వచ్చింది, తర్వాత పట్టీ వచ్చింది, ఇప్పుడు ఇంకో కంపెనీ కిట్ వచ్చి చేరింది. ఏది మేలు అంటూ రెండేసి కిట్‌లను పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనాలు చాలానే వచ్చాయి. వాటిని చదివేవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. ఎక్కువ మందిని పట్టుకున్న కిట్టే మంచిదని తీర్పు చెప్పేస్తారు. ఆసుపత్రికి వచ్చిన రోగిని పరీక్షించడానికైతే ఆ తీర్పు సరిపోతుంది. జిల్లా భవితవ్యం తేల్చడానికి సరిపోదు. అది ఎందుకో తెలియాలంటే ఈ కిట్‌ల కంటే ముందున్న పద్ధతి దగ్గర మొదలుపెట్టాలి.

అర్ధరాత్రి తలుపు తట్టే పరీక్ష

మనిషి రక్తంలో మైక్రోఫైలేరియాలను, అంటే బోదకాలు తెచ్చే పురుగు పిల్లలను, తిమోతీ లూయిస్ 1872లో కలకత్తాలో గుర్తించాడు. అవి దోమ ఒంట్లోకి చేరి అక్కడ ఎదుగుతాయని ప్యాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ రేవు పట్టణంలో కనిపెట్టాడు. ఈ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పదికీ రెండింటికీ మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి గుంపులుగా వస్తాయి. మన దేశంలో ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. అందుకే 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇళ్లకు వెళ్లి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తపు పూత తీసుకుంటూ వచ్చారు. కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లను అడిగితే ఈ 'రాత్రి రక్తం' సంగతి చెబుతారు. కుక్కల అరుపులు, ఇంటివాళ్ల విసుగు సరేసరి. ఆడపిల్లలున్న ఇంటికి అపరాత్రి వేళ వచ్చారేమిటని నిలదీసినవాళ్లూ ఉన్నారు.

ఈ పరీక్షలో గొప్ప నిజాయితీ ఉంది. సూక్ష్మదర్శిని కింద కదిలిన పురుగు, లేదా రంగు పట్టి కనిపించిన పురుగు, కచ్చితంగా పురుగే. ఆ మనిషిని కుట్టిన దోమ ఈ జబ్బును మరొకరికి చేరవేయగలదని అది రుజువు. లోపమల్లా తీసే రక్తం పరిమాణంలో ఉంది. మామూలుగా తీసేది 20 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో 50వ వంతు. ఒకరి రక్తంలో మిల్లీలీటరుకు పది మైక్రోఫైలేరియాలు ఉన్నాయనుకుందాం. ఆ చిన్న చుక్కలోకి కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం, లెక్క వేసి చూస్తే, నూటికి 18 మాత్రమే. అలాంటివాళ్లు అయిదుగురుంటే నలుగురికి 'లేదు' అనే ఫలితం వస్తుంది. 60 మైక్రోలీటర్లు తీసినా అవకాశం నూటికి సుమారు 45 మాత్రమే. ఊళ్లో జబ్బు బాగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద లోపం అనిపించదు. పదేళ్లు మాత్రలు పంచాక, మిగిలిన కొద్దిమంది రక్తంలో కొద్దిపాటి పురుగులే ఉన్న దశలో, ఈ పరీక్ష చాలామందిని వదిలేస్తుంది.

కార్డు నుంచి పట్టీకి

ఇక్కడే యాంటీజెన్ పరీక్షల అవసరం వచ్చింది. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. బతికినన్నాళ్లూ వాటి నుంచి యాంటీజెన్ అనే ఒక రకం పదార్థం రక్తంలోకి వస్తూనే ఉంటుంది. దానికి రాత్రీ పగలూ తేడా లేదు. కాబట్టి మధ్యాహ్నం బడిలోనే పరీక్ష చేయవచ్చు. కొవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న కిట్ గుర్తుందిగా, ఇదీ అలాంటిదే. ఒక గీత కిట్ సరిగ్గా పనిచేసిందని చెబుతుంది, రెండో గీత పడితే పాజిటివ్.

తొలి కిట్ ఐసీటీ కార్డు. ఆస్ట్రేలియాలోని ఒక కంపెనీ దాన్ని తయారు చేసింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు గ్యారీ వైల్, ఆయన సహచరులు 1997లో ఈ కార్డు గురించి శాస్త్రలోకానికి వివరించారు. పుస్తకంలా మడిచే చిన్న అట్టముక్క అది. 100 మైక్రోలీటర్ల రక్తాన్ని తెల్లటి మెత్త మీద వేసి, అది పక్కనున్న గులాబీ భాగంలోకి పాకేదాకా ఆగి, అప్పుడు కార్డు మూసి, సరిగ్గా పది నిమిషాలకు చదవాలి. 'సరిగ్గా' అన్న మాట దగ్గరే చిక్కు వచ్చింది. పది నిమిషాలకు ఏ గీతా లేని కార్డు మీద అరగంట తర్వాత సన్నని గీత కనిపించేది. టాంజానియాలో పనిచేసిన పరిశోధకులు 2004లోనే ఈ అబద్ధపు పాజిటివ్‌ల గురించి హెచ్చరించారు. నలభై మంది పిల్లలను వరుసలో నిలబెట్టి, ఒక్కరే కార్డులన్నీ చదవాల్సి వచ్చినప్పుడు గడియారం ఎవరు చూస్తారు? పైగా కార్డులను చల్లని పెట్టెలో ఉంచాలి, అవి తొందరగా గడువు దాటిపోతాయి. కరెంటు నిలకడగా లేని ఊళ్లకు ఇది అదనపు భారం.

వీటికి విరుగుడుగా వచ్చింది ఎఫ్‌టీఎస్ పట్టీ. రక్తం 75 మైక్రోలీటర్లు చాలు. 37 డిగ్రీల వేడి వరకు బయట ఉంచవచ్చు, ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది, ధరా తక్కువ. 2013లో వైల్ బృందమే లైబీరియాలో 503 మందికి రెండు పరీక్షలూ కలిపి చేసి ఫలితాలు ప్రచురించింది. కార్డు 98 మందిలో పాజిటివ్ చూపిస్తే, పట్టీ 124 మందిలో చూపించింది. కార్డుకు చిక్కనివాళ్లు పట్టీకి చిక్కారు. తర్వాత రెండు మూడేళ్లలో కార్డు తయారీ ఆగిపోయింది, ప్రపంచమంతా పట్టీకి మారింది. పట్టీకీ దాని ఇబ్బందులు దానికున్నాయి. వెనుక గట్టి అట్ట ఉండదు కాబట్టి ప్లాస్టిక్ పళ్లెంలో అతికించి, కదలకుండా చదునుగా ఉంచాలి. చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటే గాలికి ఎగిరిపోతుంది. అయినా కార్డుతో పోలిస్తే ఇవి చిన్న విషయాలే.

లైబీరియా అంకెలను మరొకసారి చూద్దాం. ఒకే మనుషుల్లో పాజిటివ్‌ల సంఖ్య పాతిక శాతానికి పైగా పెరిగింది. జబ్బు పెరగలేదు, కొలిచే సాధనం మారింది. మాత్రలు ఆపడానికి గీసిన గీటు మాత్రం మారలేదు. క్యూలెక్స్ దోమ ఉన్న చోట పిల్లల్లో యాంటీజెన్ రెండు శాతం లోపు ఉండాలన్న లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 మార్గదర్శకాల్లోది. అప్పుడు చేతిలో ఉన్నది కార్డే. మొదటి సర్వే కార్డుతో, రెండోది పట్టీతో చేసిన జిల్లాల్లో ఆ రెండు అంకెలను నేరుగా పోల్చి 'వ్యాధి పెరిగింది' అనో 'తగ్గలేదు' అనో రాస్తే అది తప్పుడు లెక్క అవుతుంది.

నూటికి ఒకటి తప్పితే

ఏ పరీక్షకైనా రెండు గుణాలు కావాలి. ఉన్నచోట ఉందని పట్టుకోవాలి, లేనిచోట లేదని చెప్పాలి. మొదటిదాని గురించే ఎక్కువ మాట్లాడతాం. వ్యాధి అంతరించే దశలో రెండోదే ప్రాణం. ఒక ప్రాంతంలో నిజంగా ఒక్క పిల్లవాడికీ ఈ పురుగు లేదనుకోండి. లేనివాళ్లలో నూటికి 99 మందికి సరిగ్గా 'లేదు' అని చెప్పే కిట్‌తో 1,700 మందిని పరీక్షించారు. మిగిలిన ఒక శాతం, అంటే 17 మంది, అకారణంగా పాజిటివ్‌లుగా తేలతారు. పరిమితి 20. అంటే పురుగే లేని జిల్లా అంచు మీద నిలబడుతుంది. కిట్ నిక్కచ్చితనం 99 నుంచి 98కి దిగితే అబద్ధపు పాజిటివ్‌లు 34. జబ్బు లేని జిల్లా పరీక్షలో తప్పినట్టే. కార్డును ఆలస్యంగా చదవడం, మసక గీతను గీతగా లెక్కించడం, పిల్లవాడి వేలిని పిండి పిండి రక్తం తీయడం వంటి చిన్న పనులు ఒక జిల్లా జనాభా మొత్తాన్ని రెండేళ్లపాటు మాత్రల వరుసలో నిలబెట్టగలవు. శిక్షణకు ఒక పూట సరిపోతుందని అనుకునే అధికారులు ఈ లెక్క చూడాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కిట్ 'తప్పు' చెప్పిందని ఎలా తేలుస్తాం? పోల్చి చూడటానికి పక్కన తిరుగులేని పరీక్ష ఒకటి ఉండాలి. రాత్రి రక్తం అలాంటిది కాదని పైన చూశాం. పట్టీ పాజిటివ్, రాత్రి రక్తం నెగెటివ్ అయిన మనిషిలో పిల్లల్ని పెట్టే పురుగే ఉండి, చుక్క రక్తానికి చిక్కకపోయి ఉండవచ్చు. మందు వల్ల పిల్లల్ని పెట్టే శక్తి పోయి, ఊరికే బతుకుతున్న పెద్ద పురుగు కావచ్చు. చనిపోయిన పురుగు తాలూకు యాంటీజెన్ ఇంకా కరిగిపోకపోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో మొదటిదే ఊరికి ప్రమాదం. మూడింటికీ పట్టీ మీద పడే గీత మాత్రం ఒకటే.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ మాత్రల్లో ప్రధానమైన డీఈసీని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనిపెట్టిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1947లో ఆ మందు వివరాలు వెలువడ్డాయి, మరుసటి ఏడాది ఆయన పోయారు. బోదకాలు పీడించిన గోదావరి డెల్టా బిడ్డ చేతుల మీదుగానే దాని మందు ప్రపంచానికి అందింది. మన పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఇంకాస్త పెద్ద అక్షరాల్లో చెప్పవచ్చు.

నెగ్గి ఓడినవాళ్లు

పిల్లలనే ఎందుకు పరీక్షిస్తారంటే, ఆరేళ్ల పిల్లల్లో యాంటీజెన్ కనిపించిందంటే ఇటీవలే దోమ ద్వారా పురుగు చేరిందని అర్థం. వ్యాప్తి ఇంకా ఉందని చెప్పడానికి మంచి గుర్తు అది. లేదని చెప్పడానికి అంత మంచి గుర్తు కాదని రెండు ద్వీపాలు నేర్పాయి.

పసిఫిక్‌లోని అమెరికన్ సమోవా 2011లో, మళ్లీ 2015లో పిల్లల సర్వేలో నెగ్గింది. 2016లో తప్పింది. పిల్లల్లో గీత పడని ఏళ్లన్నింటా పెద్దవాళ్లలో, కొన్ని ఊళ్ల చుట్టూ, పురుగు నిలిచే ఉంది. శ్రీలంక 2002 నుంచి 2006 దాకా మాత్రలు పంచి ఆపింది. కొన్నేళ్ల తర్వాత గాలె తీర ప్రాంతంలో లోతుగా వెతికితే, పిల్లల యాంటీజెన్ సర్వేలో నెగ్గిన చోటే దోమల్లో పరాన్నజీవి డీఎన్‌ఏ దొరికింది, పిల్లల రక్తంలో ప్రతిరక్షకాలు దొరికాయి. శ్రీలంక అక్కడితో ఊరుకోలేదు. రాత్రి రక్త పరీక్షలు, వాహకులకు చికిత్స, దోమల నియంత్రణ కొనసాగించింది. 2016లో వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా తొలగించిన దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. 2023లో బంగ్లాదేశ్ ఆ జాబితాలో చేరింది. మనకంటే చిన్న దేశాలే కావచ్చు, దోమ మాత్రం అదే.

ఈ అనుభవాల సారం మన దేశంలో కొత్త మందుల పద్ధతికి కొంతవరకు అందింది. డీఈసీ, ఆల్బెండజోల్‌కు ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. మన దేశంలో 2018 డిసెంబరులో బీహార్‌లోని అర్వాల్ జిల్లాతో అది మొదలైంది. ఈ మూడు మందులు రక్తంలోని పిల్ల పురుగులను త్వరగా ఊడ్చేస్తాయి. పెద్ద పురుగులు కొన్ని చావకుండా గొడ్డుపోతాయి. అలాంటి చోట పట్టీ ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. అందుకే మూడు మందులు ఇచ్చిన ప్రాంతాల్లో 20 ఏళ్లు దాటిన పెద్దవాళ్లను ఎంచుకుని, రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉన్నాయా అని చూడమన్నారు. కొట్టిపారేసిన రాత్రి రక్తం మళ్లీ అవసరమైంది. పట్టీతో పగలు జల్లెడ పట్టి, పాజిటివ్ వచ్చినవాళ్ల రక్తాన్ని మాత్రమే రాత్రి తీయడం నా దృష్టిలో ఇప్పుడున్న వాటిలో అన్నిటికంటే తెలివైన పద్ధతి. ఊరంతటినీ నిద్రలేపే పని తప్పుతుంది. గీత వెనుక ఉన్నది ప్రమాదకరమైన పురుగో, పనికిరాని పురుగో కూడా తేలుతుంది.

పట్టీ అన్నిచోట్లా పనిచేయదన్న సంగతీ మరవకూడదు. అది పట్టేది వుచెరేరియా బాంక్రాఫ్టి అనే పురుగును. మన దేశంలో దాదాపు అన్ని కేసులూ దానివే. కేరళలోని చేర్తల వంటి చోట్ల బ్రూజియా మలయి అనే మరో పురుగు ఉంది. పట్టీకి అది అసలు కనపడదు. దానికి మలేసియాలో తయారైన ప్రతిరక్షకాల పరీక్ష వాడాలి. మధ్య ఆఫ్రికాలో దీనికి తలకిందుల సమస్య. అక్కడ లోవా లోవా అనే కంటి పురుగు రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు బోదకాలు పురుగు లేకపోయినా పట్టీ మీద గీత పడుతోంది. లోవా మన దగ్గర లేదు కాబట్టి ఆ బెంగ లేదు.

కాలు వాచిన బాధితులు తెలుసుకోవాల్సిందీ ఒకటుంది. ఏళ్ల క్రితం వాపు మొదలై, పురుగులు చనిపోయినవాళ్లలో చాలామందికి ఈ పరీక్షలన్నీ నెగెటివ్ వస్తాయి. అంతమాత్రాన వాళ్లది బోదకాలు కాదని కాదు. తెలంగాణలో ప్రభుత్వ పింఛను పొందుతున్న బోదకాలు బాధితుల విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇది ఊరిని కొలిచే కిట్, బాధితుడి అర్హతను కొలిచేది కాదు.

ఇప్పుడు కొరియా కంపెనీ ఎస్‌డీ బయోసెన్సర్ నుంచి ఇంకో యాంటీజెన్ కిట్ వచ్చింది. దానికి 20 మైక్రోలీటర్ల రక్తం చాలు. ఆరేళ్ల పిల్లవాడి వేలిని పిండాల్సిన పని లేదు, అదొక్కటే పెద్ద లాభం. ఇన్నాళ్లూ ప్రపంచం మొత్తం ఒకే కంపెనీ పట్టీ మీద ఆధారపడింది. ఆ కంపెనీ కూడా చేతులు మారుతూ వచ్చింది. బైనాక్స్, అలెర్, ఇప్పుడు అబాట్. సరఫరా ఎక్కడ తెగినా దేశాల సర్వేలు ఆగిపోయే పరిస్థితి. రెండో కంపెనీ రావడం మంచిదే. కానీ కార్డు నుంచి పట్టీకి మారినప్పుడు చేసిన పొరపాటే మళ్లీ చేయకూడదు. కొత్త కిట్‌కు మారే ముందు ప్రతి రాష్ట్రంలో కొన్ని ఊళ్లలోనైనా, ఒకే మనుషుల మీద, పాతదీ కొత్తదీ కలిపి వాడి చూడాలి. ఇద్దరు వేర్వేరుగా గీతలు చదివి, పొంతన కుదిరిందో లేదో రాయాలి. ఫైలేరియా పరిశోధనలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు దశాబ్దాల అనుభవం ఉంది. రాజమహేంద్రవరంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ తరాలుగా ఫైలేరియా సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. ఈ పని చేయడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

మాత్రల పంపిణీ ఇంకా సాగుతున్న జిల్లాల్లో ముప్పాతిక వంతు బీహార్, జార్ఖండ్, ఉత్తర్‌ప్రదేశ్, ఒడిశా, తెలంగాణల్లోనే ఉన్నాయని కేంద్రం 2024లో చెప్పింది. ఆ జాబితాలో దక్షిణాది నుంచి ఉన్నది తెలంగాణ ఒక్కటే. ఒడిశా, బీహార్‌ల నుంచి కూలీలు తెలంగాణ ఇటుక బట్టీలకు, హైదరాబాద్ కట్టడాలకు ప్రతి ఏడాదీ వస్తారు. వాళ్లు స్థానిక బడిలో చదివే ఆరేళ్ల పిల్లలు కారు, కాబట్టి పిల్లల సర్వేలో ఎప్పటికీ కనిపించరు. కొన్ని ఏళ్లు పాజిటివ్ లేకుండా నడిచిన మండలంలో బట్టీల దగ్గర పెద్దవాళ్లను కూడా పరీక్షించాలని ప్రస్తుత పద్ధతి ఎక్కడా పట్టుబట్టడం లేదు. పట్టుబట్టాలి. పాజిటివ్ వచ్చినవాళ్లకు 12 రోజుల డీఈసీ కోర్సు అక్కడే మొదలుపెట్టాలి. వాళ్లు ఊరు మారితే చికిత్స చీటీ వాళ్లతోపాటు వెళ్లాలి.

ఒక జిల్లా బోదకాలు పరీక్షలో నెగ్గిందని రేపు ఏదో ఒక రోజు ప్రకటన వస్తుంది. ఆ ప్రకటనలో పాజిటివ్‌ల సంఖ్య ఒక్కటే ఉంటే చాలదు. ఏ కిట్ వాడారు, ఎంతమందిని పరీక్షించారు, ఎన్ని గీతలు పడ్డాయి, వాళ్లలో ఎంతమంది రాత్రి రక్తంలో పురుగులు కనిపించాయి, పెద్దవాళ్లను పరీక్షించారా లేదా అన్నవి కూడా ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఈ వివరాలను జిల్లాలవారీగా బయటపెట్టాలి. గీతల లెక్క ప్రజలకు చెప్పకుండా మాత్రలు ఆపినా, మళ్లీ మింగమన్నా జనం నమ్మరు.